పరామర్శకుని విశ్వాసము

కష్టము వచ్చిన యింటికి పోయి, అరుగుమీద కూరుచుండి, జరిగినదంతయు విని, రెండు మాటలాడి వచ్చుటకు తెలుగువారు పరామర్శ యని పేరు పెట్టిరి. సంస్కృత తార్కికుల చేతిలో నీ మాటకు వేఱర్థము గలదు. కొండమీది పొగను జూచి యచ్చట నిప్పున్నదని నిశ్చయించుటకు ముందు బుద్ధి చేయు నాలోచనను వారు పరామర్శ మనిరి. ఒకటి హృదయముయొక్క పని, రెండవది వివేకముయొక్క పని. ఆంగ్లభాషలో కౌన్సెలింగని చెప్పబడు విద్యకు ఈ రెండును గావలెను. దానిని సలహా యన్నచో అంగడిలో దొరకు సరకువలె నుండును. ఉపదేశ మన్నచో చెవిలో మంత్ర మూదినట్లుండును. ఓదార్పన్నచో వీపు నిమురుటతో సరిపోవును. కావున మే మీ వ్యాసమున దానిని పరామర్శవిద్య యనియు, దానిని వృత్తిగా బూనినవారిని పరామర్శకులనియు పిలుచుచున్నాము. ఈ విద్యలో డాక్టరు పట్టమునకు చదువువారికి, అనగా రేపు పదిమంది పరామర్శకులను తయారుచేయబోవువారికి, భక్తి విశ్వాసములను గూర్చి యేమయిన నేర్పవలెనా, నేర్పినచో నేమి నేర్పవలెను, అనునదే ప్రస్తుత చర్చ.

ఇది పండితుల తీరిక వేళకు దగిన చర్చ యని కొంద ఱనుకొందురేమో. 2023వ సంవత్సరము జూలై నెలలో, వైద్యవిద్యా ప్రవేశపరీక్షకు చదువుచు విశాఖపట్టణమున వసతిగృహమున నున్న యొక బాలిక మరణించెను. ఆమె తండ్రి న్యాయమునకై తిరిగి తిరిగి సుప్రీంకోర్టు చేరెను. ఆ న్యాయస్థానమువారు 2025 జూలై 25వ తేదీన నిచ్చిన తీర్పులో దర్యాప్తును సి.బి.ఐ. కప్పగించుటయేగాక, శాసనము వచ్చువఱకు దేశమందలి విద్యాలయములన్నియు పాటింపవలసిన పదునైదు నియమములను విధించిరి. నూఱుగురు లేక యంతకు మించిన విద్యార్థులున్న ప్రతి విద్యాలయమును, పసివారి మనస్సులను గూర్చి శిక్షణ పొందిన పరామర్శకునినో మనశ్శాస్త్రజ్ఞునినో సంఘసేవకునినో యొకరినైన నియమించుకొనవలె ననునది వానిలో నొకటి. ఉత్తరువు న్యాయమైనదే. కాని నియమింపబడవలసిన మనుష్యు లెచ్చట నున్నారు? 2015-16లో బెంగుళూరి నిమ్‌హాన్స్ సంస్థవారు జరిపిన జాతీయ పరిశీలనమున, పెద్దవారిలో దాదాపు పదింట నొకరు మనోవ్యాధితో బాధపడుచున్నారనియు, వారిలో నధికసంఖ్యాకులకు చికిత్స యందుటయే లేదనియు తేలినది. ఇట్టి కరువులో, మూడు వారముల తరగతికి పోయి ప్రమాణపత్రము గోడకు దగిలించిన ప్రతివాడును పరామర్శకుడగుట మన మెఱిగినదే. 1992 నాటి పునరావాస మండలి చట్టము మనోవైద్యమునకు సంబంధించిన మనశ్శాస్త్రజ్ఞులను పట్టికలో జేర్చెను. తక్కిన పరామర్శకులను 2021 నాటి యనుబంధ ఆరోగ్యవృత్తుల చట్టము లెక్కలోనికి దీసికొనెను. చట్టము గీత గీయగలదు. గీతలోపల నిలుచువానిని తయారుచేయవలసినది విశ్వవిద్యాలయము.

విశాఖపట్టణపు రేవునొద్ద మూడు కొండలున్నవి. ఒకదానిమీద వేంకటేశ్వరుని కోవెల, ఒకదానిమీద ఇషాక్ మదీనా దర్గా, మఱియొకదానిమీద మరియమ్మ గుడి. 1933లో రేవు తెఱచిననాటినుండి లోనికి వచ్చు ప్రతి యోడయు ఈ మూటి చూపులోనుండియే వచ్చుచున్నది. ఆషాఢ పూర్ణిమకు సింహాచలము చుట్టు దాదాపు 32 కిలోమీటర్ల దారిని లక్షలకొలది జనులు రాత్రియంతయు నడతురు. బురుజుపేట కనకమహాలక్ష్మికి గుడిపైకప్పు లేదు. పూజారి చేతిమీదుగా గాక ఎవరి పసుపు కుంకుమలు వారే యమ్మకు సమర్పించుకొందురు. మార్గశిర గురువారములందు ఆ వీధిలో నడుగుపెట్టుటకు చోటుండదు. ఉక్కు కర్మాగారమున కొలిమి వేడికి నిలిచి పనిచేయువాడు దసరానాడు తన యంత్రమునకు బొట్టు పెట్టును. ఇట్టి పట్టణమున దుఃఖము వచ్చినవాడు పరామర్శకుని గదికి రిక్తహస్తములతో రాడు. తన దేవుని వెంటబెట్టుకొనియే వచ్చును.

వలకు పోయి తిరిగిరాని తమ్ముని గూర్చి చెప్పుచు మత్స్యకారుడు, గంగమ్మకు కోపము వచ్చినదనును. బిడ్డ పోయిన తల్లి, సింహాద్రప్పన్నకు మ్రొక్కిన తలనీలా లియ్యలేదని తనను తాను దూషించుకొనును. నిద్ర పట్టక, అన్నము సయించక చిక్కిపోయిన క్రైస్తవ బాలిక, తన ప్రార్థనలో లోపమున్నదనియు, ఇంకను గట్టిగా విశ్వసించినచో దిగులు పోవుననియు చెప్పును. ఉక్కు కర్మాగారమునకై అరువదికి పైగా గ్రామముల భూములు సేకరింపబడినవి. అట్లు ఊరు పోగొట్టుకొన్న వంశమువాడు, పొలము పోయినందులకే గాక, అమ్మవారి పండుగ చేసుకొనుటకు పొలిమేరయే లేకపోయినందులకు గూడ ఏడ్చును. 2020 మే 7వ తేదీ తెల్లవాఱుజామున వేంకటాపురమున విషవాయువు వెలువడి పండ్రెండుగురు మరణించినప్పుడు, బ్రదికి బయటపడినవారు వైద్యునితో చెప్పినది ఊపిరి సంగతి. తమలో దాము వేసుకొను ప్రశ్న వేఱు: ప్రక్కయింటివాడు పోయి నేనేల మిగిలితిని?

ఈ ప్రశ్నకు పరీక్షాపత్రములలో సమాధానము లేదు. కేవలము పాశ్చాత్య గ్రంథములు చదివి వచ్చిన పరామర్శకుడు దీనిని విని మూడు విధములుగా తప్పును. మొదటివాడు విననట్లు నటించి, నిద్ర యెన్ని గంటలు పట్టుచున్నదని యడుగును. రెండవవాడు దానిని వ్యాధిలక్షణముగా కాగితముపై వ్రాసికొనును. మూడవవాడు మంచివాడు, అందుచేత మిక్కిలి ప్రమాదకరుడు. అతడు తన నమ్మకమును దీసి యెదుటివాని ముందు పెట్టును. పూర్వజన్మ కర్మమనియో, దేవుడు ప్రేమించువారిని పరీక్షించుననియో, దేవుడే లేడు కావున నీ తప్పేమియు లేదనియో చెప్పి, తానేదో మేలు చేసితినని తృప్తిపడును. బిడ్డ పోయిన తల్లికి కర్మసిద్ధాంతము చెప్పుట పుండుమీద కారము చల్లుటయే. నాస్తికోపన్యాసమును అంతకంటె చల్లని మందు గాదు.

విశ్వాసమునకును మనశ్శాస్త్రమునకును గల తగవు పాతది. 1902లో విలియం జేమ్సు మతానుభవములను గూర్చి తన యెడింబరో యుపన్యాసములను గ్రంథముగా ప్రకటించి, అనుభవమును దాని ఫలమునుబట్టి తూచవలెనే గాని పుట్టుకనుబట్టి గాదనెను. 1927లో ఫ్రాయిడు మతమును భ్రమ యనెను. ఈ యిద్దఱికంటె మా కాసక్తి గలిగించువాడు ఆంటన్ బోయిసెన్ అను అమెరికా మతాచార్యుడు. అతడు 1920లో స్వయముగా మతి చలించి ఆసుపత్రిలో నుంచబడెను. కోలుకొన్న పిదప 1925లో వూస్టరు నగరపు మానసికాసుపత్రికి క్రైస్తవ వేదాంత విద్యార్థులను దీసికొనిపోయి, గ్రంథములవలెనే యీ రోగులను గూడ చదువుడని కూరుచుండబెట్టెను. మతాచార్యులకు ఆసుపత్రిలో శిక్షణ యిచ్చు పద్ధతి యచ్చటనే మొదలైనది. తరువాత 1965లో కాలిఫోర్నియాలోని ఫుల్లరు వేదాంత పాఠశాలవారు మనశ్శాస్త్రమున డాక్టరు పట్టమునకు ప్రత్యేక శాఖనే నెలకొల్పిరి. 1994లో అమెరికా మనోవైద్య సంఘమువారు తమ రోగనిర్ణయ గ్రంథమున, మతసంబంధమైన లేక ఆధ్యాత్మికమైన చిక్కును వ్యాధిగా గాక, వైద్యుడు గమనింపదగిన వేఱు విషయముగా చేర్చిరి. చిన్న మార్పే గాని, మనుష్యుని భక్తిని రోగపుపట్టికనుండి తప్పించిన మార్పది.

మన దేశము వెనుకబడి లేదు. గిరీంద్రశేఖర బోసు 1921లోనే కలకత్తా విశ్వవిద్యాలయమునుండి మనశ్శాస్త్రమున డాక్టరు పట్టము పొంది, ఫ్రాయిడుతో లేఖల మూలమున వాదించెను. జస్వంత్ సింగ్ నేకీ యను మనోవైద్యుడు 1973లో, గురుశిష్య సంబంధమును చికిత్సకు మాదిరిగా గ్రహింపవచ్చునని వ్రాసెను. ఇక మన వాల్తేరు సంగతి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు 1931 మొదలు 1936 వఱకు ఉపాధ్యక్షుడుగా నున్న సర్వేపల్లి రాధాకృష్ణన్, ఆధ్యాత్మికానుభవమే విషయముగా గల తన హిబ్బర్టు ఉపన్యాసముల గ్రంథమును 1932లో, అనగా ఆ పదవిలో నున్నప్పుడే, వెలువరించెను. 1967లో కోనేరు రామకృష్ణారావు అచ్చటనే మనశ్శాస్త్ర, పరామనశ్శాస్త్ర శాఖను నెలకొల్పెను. 2008లో వెలువడిన భారతీయ మనశ్శాస్త్ర సంగ్రహగ్రంథమునకు సంపాదకులైన మువ్వురిలో నాయన యొకడు. 2021లో మరణించువఱకు, భారతీయుల చిత్తమును భారతీయ దర్శనముల వెలుగున చూడవలెనని యాయన వాదించుచునే యుండెను.

మే మాయన శ్రమను గౌరవింతుము. అయినను రెండు మాటలు చెప్పక తప్పదు. పరామనశ్శాస్త్రమువారు మూసిన చీట్లమీది గుర్తులను మనస్సుతో చదువుట సాధ్యమా కాదా యని తరములపాటు పరీక్షించిరి. అది నిజమైనను కాకున్నను ఏడ్చువాని కంటిచెమ్మ తుడువదు. రెండవది ఇంతకంటె ముఖ్యమైనది. భారతీయ మనశ్శాస్త్ర మన్నప్పుడు మనవారు ఉపనిషత్తులను, యోగసూత్రములను, బౌద్ధాభిధర్మమును దీయుదురు. మంచిదే. కాని విశాఖపట్టణపు రేవులో మూటలు మోయువాడు యోగసూత్రములు వినియుండడు. పైడితల్లి యతనికి తెలియును. మాడుగుల కొండలలోని గిరిజనుడు కొండదేవతను కొలుచును. 1805లో లండను మిషనువారు విశాఖపట్టణమున దిగిననాటినుండి ఈ తీరమున క్రైస్తవ కుటుంబములు తరతరములుగా నున్నవి; వారి దుఃఖమునకు బైబిలు మాటలున్నవి. వీరి నందఱను విడిచి సంస్కృత గ్రంథములను మాత్రమే భారతీయమనుట, ఇంటిలో సగము గదులకు తాళము వేసి ఇల్లు చిన్నదనుట వంటిది. ఇక దేవుని నమ్మనివారి సంగతియు గలదు. గోరా 1940లో కృష్ణాజిల్లా ముదునూరున నాస్తిక కేంద్రమును స్థాపించెను. గాంధిమహాత్ముడు ఆయనను పిలిపించుకొని యాయన మాటలను ఓపికతో వినెను. పరామర్శకుని గదిలో నాస్తికునికి గూడ అట్టి వినికిడియే దొరకవలెను.

విశ్వాసమును చికిత్సలోనికి రానీయవలెనా యనువారికి మేము రెండు స్థలములను చూపుదుము. రెండును తమిళదేశమునవే. రామనాథపురము జిల్లా ఏర్వాడిలో నొక ప్రసిద్ధమైన దర్గా గలదు. మతి చలించినవారిని బంధువు లచ్చటికి దెచ్చుచుండిరి. దర్గా చుట్టు కొందఱు డబ్బు దీసికొని యట్టివారి నుంచుకొను పాకలు వేసిరి. 2001 ఆగస్టు 6వ తేదీన నట్టి పాక యొకటి యంటుకొనెను. లోపల నున్నవారు గొలుసులతో కట్టబడియుండిరి; ఇరువదియెనమండుగురు మరణించిరి. దేవుని పేర మనుష్యుని గొలుసుతో కట్టుట యెంత దూరము పోవునో లోక మానాడు చూచెను. 2017 నాటి మానసిక ఆరోగ్యరక్షణ చట్టము రోగిని ఏ విధముగను గొలుసులతో బంధింపరాదని శాసించినది.

రెండవ స్థలము ముత్తుస్వామి గుడి. నిమ్‌హాన్స్ వైద్యులు కొంద ఱచ్చటికి పోయి, ఆ గుడిలో కొన్ని వారములు నివసించిన 31 మంది రోగులను ముందును వెనుకను పరీక్షించి, తాము కనుగొన్నదానిని 2002లో బ్రిటిషు వైద్యపత్రికలో ప్రకటించిరి. మందు లేదు. రోగితో కుటుంబమువా రొకరుందురు. ఉదయమున కొంచెము సేపు ప్రార్థన. తరువాత వాకిలి యూడ్చుటయో, మొక్కలకు నీరు పోయుటయో. సగటున ఆఱు వారములలో వ్యాధిలక్షణముల కొలత దాదాపు ఇరువది వంతులు తగ్గెను. ఇది చిన్న పరిశీలనము. పోల్చి చూచుటకు వేఱొక గుంపు లేదు. దీనిని బట్టి మందులు మానుడని చెప్పువాడు మూర్ఖుడు. కాని కొన్ని మందులకు వచ్చు గుణము వంటి గుణము ఇచ్చట వచ్చినదని వైద్యులే వ్రాసిరి. ఆ గుణము దేవునివలన వచ్చెనా, ప్రక్కన కూరుచున్న యక్కవలన వచ్చెనా, పిచ్చివాడని యెవరును తరుమని చోటు దొరకుటవలన వచ్చెనా? విడదీసి చెప్పుట కష్టము. డాక్టరు పట్టమునకు బరిశోధన చేయబూనిన యువకునికి ఇంతకంటె మంచి ప్రశ్న యేమున్నది? సింహాచలపు మెట్లమీదను, విశాఖపట్టణపు దర్గా కొండమీదను ఇట్టి పరిశీలనము మనవారు చేయరాదా?

ఇచ్చట తత్త్వవేత్తలు అడ్డు తగులుదురు. పరామర్శకునికి గంగమ్మయందు నమ్మకము లేదనుకొందము. అయినను గంగమ్మ కోపమును గూర్చి మత్స్యకారుడు చెప్పునప్పుడు తలయూచి, "అమ్మ మనస్సు చల్లబడుటకు మీవారు ఏమి చేయుదురు?" అని యడుగును. ఇది కపటము గాదా? మేలుకొఱకైనను కల్లలాడవచ్చునా? ఈ యాక్షేపణ బలమైనది. ప్రయోజనమే చాలునని తప్పించుకొనువారి సమాధానము మాకు రుచింపదు. కపటము తలయూచుటలో లేదు, తాను నమ్ముదునని చెప్పుటలో నుండును. కందుకూరి వీరేశలింగము పంతులు 1879లో రాజమహేంద్రవరమున వితంతు వివాహమును గూర్చి యుపన్యసించినప్పుడు ధర్మశాస్త్ర వచనములనే యాధారముగా దెచ్చెను. ఆచారముల యెడ నాయనకు గల తెగింపు లోకవిదితమే. శాస్త్రము వలదన్నను ఆయన యా బాలికలను విడిచిపెట్టియుండడు. అయినను శాస్త్రమును నమ్మువారితో శాస్త్రముననే వాదించెను. 1881 డిసెంబరు 11వ తేదీన మొదటి వివాహము జరిగెను. దీనిని కపటమని యెవ రందురు? ఎదుటివాని యింటిలోనికి అతని వాకిలిగుండనే పోయెను, గోడ పగులగొట్టలేదు.

రేవునుండియే మఱియొక పోలిక గలదు. డాల్ఫిన్ ముక్కు కొండ ప్రక్కనున్న ఇఱుకు కాలువగుండ లోపలి రేవునకు పోవలసిన ఓడపైకి రేవు పైలటు ఎక్కును. ఓడ అతనిది గాదు. సరకు అతనిది గాదు. ఎచ్చటికి పోవలెనో నిర్ణయించువాడతడు గాడు. పైలటు ఓడమీద నున్నంతసేపును బాధ్యత కప్తానుదే. పైలటు లోతులను, ఇసుకమేటలను, గాలిని జెప్పి, దారి దాటించి, దిగిపోవును. పరామర్శకుడును ఇట్టివాడే కావలెను. ఓడజెండాను మార్చు పైలటును ఏ కప్తానును ఎక్కనీయడు. అయితే పోలిక కొంతదూరమే నడచును. సముద్రపుటడుగు పైలటునకు పటమున నున్నది; మనుష్యుని హృదయమునకు అట్టి పటము లేదు. ఓడ మునుగుచున్నప్పుడు పైలటు మర్యాదకై మౌనము వహింపడు.

ఆ మునుగుట యెప్పుడు? విశ్వాసమే గాయము చేయునప్పుడు. భర్త కొట్టినను సహించుట పాతివ్రత్యమని పెద్దలు చెప్పిరని యొకతె చెప్పును. మూర్ఛకు మందు మాని యుపవాస ప్రార్థన చేయుమని ఎవరో చెప్పిరని యొకడు చెప్పును. భార్యకు దయ్యము పట్టినదని కొరడా దెబ్బలు కొట్టించితినని యింకొకడు చెప్పును. ఇచ్చట తటస్థత పిఱికితనము. గృహహింసకు 2005 నాటి చట్టమున్నది, మూర్ఛకు మందున్నది. ఈ మాటలను స్పష్టముగా జెప్పుట పరామర్శకుని విధి. అటుపిమ్మట నతని నిజమైన నేర్పు కనబడవలెను. ఏ మతమునందును ఒక్కటే గొంతు లేదు. ఓర్చుకొమ్మను గొంతున్నచోటనే, మహిషుని తల నఱకిన తల్లియు గలదు. ఉపవసింపుమను గొంతున్నచోటనే, గాయములు కడిగి నూనె పూసిన సమరయుని కథయు గలదు. బాధితురాలికి తన మతములోనే మఱచిపోయిన గొంతును జ్ఞప్తికి దెచ్చువాడు ఆమె మతమునుండి యామెను వెళ్లగొట్టడు. దీనికి మతములను గూర్చి చాల చదువు గావలెను. పైపై మర్యాద చాలదు.

మనవారు పరామర్శ యనగానే భగవద్గీతను జూపుదురు. సభలలో నీ మాట విని విని చెవులు తడకలు గట్టినవి. అయినను గీతను మఱల దెఱచి చూచినచో వక్తలు చెప్పని సంగతి యొకటి కనబడును. మొదటి యధ్యాయమంతయు అర్జునుని దుఃఖమే. కృష్ణుడచ్చట పలికినది కౌరవులను జూడుమను నొక్క చిన్న మాట. రెండవ యధ్యాయపు మొదట నతడు మందలించును. ఆ మందలింపు పనిచేయలేదు. అర్జునుడు మఱల తన మాట చెప్పుకొని, యుద్ధము చేయనని యూరకుండెను. ఆ మౌనము తరువాతనే బోధ మొదలైనది. పదునెనిమిదవ యధ్యాయపు చివర, ఇదియంతయు బాగుగ నాలోచించి నీ యిష్టమువచ్చినట్లు చేయుమని నిర్ణయమును శిష్యునికే యిచ్చివేసెను. మన యుపన్యాసకులు నడుమనున్న బోధను మాత్రమే పట్టుకొని, మొదటి వినికిడిని, చివరి స్వేచ్ఛను విడిచిరి. కృష్ణునికి యుద్ధమందు పక్షమున్నది. పరామర్శకుని కట్టి పక్షముండరాదు. కావున గీత పూర్తిగా మాదిరి కాజాలదని యెవరైన ననినచో మేము కాదనము.

ఇట్టి శిక్షణను ప్రభుత్వ విశ్వవిద్యాలయ మియ్యవచ్చునా? రాజ్యాంగపు 28వ అధికరణము పూర్తిగ ప్రభుత్వధనముతో నడచు విద్యాలయములలో మతబోధ కూడదనుచున్నది. 2002లో సుప్రీంకోర్టువారు, మతములను గూర్చి తెలిసికొనుట వేఱు, మతమును బోధించుట వేఱని స్పష్టపఱచిరి. మనము కోరునది మొదటిదే. అడ్డు రాజ్యాంగము గాదు. మన డాక్టరు పట్టపు స్వరూపము. పిహెచ్.డి. యనగా మన దేశమున గ్రంథము వ్రాయుట. ఏడ్చు మనుష్యుని యెదుట నొక్క గంటయైన కూరుచుండకయే పరామర్శవిషయమున డాక్టరగుట అసాధ్యము గాదు. అమెరికావారు 1949లో బౌల్డరు నగరమున సమావేశమై, ఈ విద్యలో డాక్టరు పరిశోధకుడును చికిత్సకుడును గూడ కావలెనని నిర్ణయించిరి. మనము గ్రంథము నుంచుకొని గదిని మఱచితిమి.

మా మనస్సులోని శిక్షణను గూర్చి కొంచెము చెప్పుదుము. అభ్యర్థి చినవాల్తేరు మానసికాసుపత్రిలో కొన్ని నెలలు పనిచేసి, ఏది దుఃఖమో, ఏది వ్యాధియో గుర్తుపట్ట నేర్వవలెను. దేవుడు తనతో మాటలాడుచున్నాడనువాడు భక్తుడు గావచ్చును, ఉన్మాదమున నున్నవాడు గావచ్చును. అతని సమాజమువారి విశ్వాసములకు భిన్నముగా నున్నంతమాత్రమున రోగి యని నిర్ణయింపరాదని 2017 నాటి చట్టమే చెప్పుచున్నది. కాని నిద్రాహారములు మాని ప్రాణాపాయమునకు సిద్ధపడినవానిని వైద్యుని యొద్దకు పంపకపోవుట హత్యకు దగ్గఱ. పిదప తనది గాని మతమువారి నడుమ, ఏమియు బోధింపక, కొంతకాలము మెలగవలెను. అన్నిటికంటె కష్టమైనది తన విశ్వాసమును, అవిశ్వాసమును దానే పరీక్షించుకొనుట. ఎవరి కన్నీటికి తనకు కోపము వచ్చుచున్నది? ఎవరి మ్రొక్కు విన్నప్పుడు తనకు నవ్వు వచ్చుచున్నది? అనుభవజ్ఞుడైన పెద్ద యొకరి యెదుట ప్రతివారమును ఈ లెక్క యప్పగింపవలెను. కులము సంగతియు నిందులోనిదే. చావడిలో గూడ కూరుచుండనీయని దేవుని గూర్చి యొక దళితుడు చెప్పుకొనునప్పుడు, అగ్రకుల పరామర్శకునికి తన నాలుక యెండిపోవుట తెలియవలెను.

వ్రాయబోవు గ్రంథము తెలుగున నుండవలెను. ఇది భాషాభిమానముచేత చెప్పుటగాదు. దుఃఖమునకు తెలుగున బెంగ, దిగులు, గుబులు, చింత, కుములుట అని వేఱువేఱు మాటలున్నవి. వసతిగృహమున విడువబడిన పిల్లది బెంగ, పరీక్ష ముందటి రాత్రిది గుబులు, అప్పులవానిది చింత. ఒకదానికి తాయెత్తు కట్టుదురు, మఱియొకదానికి దిష్టి దీయుదురు, ఇంకొకదానికి వేంకటేశ్వరునికి ముడుపు కట్టుదురు. వీనినన్నిటిని డిప్రెషనను నొక్క సంచిలో బోసి కట్టినచో, ఏ ముడి యెచ్చట వేయబడినదో పరామర్శకునికి తెలియదు. బెంగ యను నొక్క మాటమీద, ఉత్తరాంధ్రపు తల్లులను పిల్లలను అడిగి తెలిసికొని, ఒకరు ఐదేండ్లు శ్రమించినను తగును.

అట్టివారు పట్టములు పొంది కళాశాలలకు చేరువఱకు పిల్లలు వేచియుండరు గదా. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వమువారు నెలకొల్పిన టెలిమానస్ సేవకు 14416 అను సంఖ్యతో ఏ వేళనైనను ఫోను చేయవచ్చును; తెలుగున మాటలాడువారు దొరకుదురు. విశాఖపట్టణపు వసతిగృహములవారు పరీక్షల కాలపట్టికను అంటించు గోడమీదనే ఈ సంఖ్యను గూడ అంటింపవచ్చును.